మిస్సీల పరీక్ష: తోట ఆసుపత్రి నుండి రిజిస్టరు దాకా

ప్రతి సంవత్సరం ఈ ప్రత్యేక సంచికలో మన పెద్దలు ఓడ దిగిన కథ, గుడి కట్టిన కథ, తెలుగు బడి నడిపిన కథ చదువుతూనే ఉన్నాము. ఈ మారు మేము ఒక పరీక్ష కథ చెప్పదలచినాము. అది నర్సుల రిజిస్ట్రేషన్ పరీక్ష. అందులోను వయోజన రోగుల సంరక్షణకు సంబంధించిన భాగము. మలేషియాలో నర్సును మనమంతా "మిస్సీ" అనే పిలుస్తాము. మాకు తెలిసిన తెలుగు కుటుంబాలలో ఒక మిస్సీ అయినా లేని కుటుంబం అరుదు. ఈ ఏడు కూడా మన పిల్లలు కొందరు ఆ పుస్తకాలు ముందు పరచుకుని కూర్చున్నారు. ఇంట్లో వారికి అది ఉద్యోగం కోసం రాసే పరీక్ష అని మాత్రమే తెలుసు. ఆ పరీక్ష ఎందుకు పుట్టినదో, అది లేని రోజులలో మన తాతముత్తాతలు ఎలా ఉన్నారో తెలిస్తే, ఆ పుస్తకాలను పిల్లలు మరొక విధంగా చదువుతారని మా నమ్మకం.

మన పూర్వులు విశాఖపట్నం, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల నుండి పినాంగు రేవులో దిగి, పేరాక్ రాష్ట్రంలో బాగన్ డాటో కొబ్బరి తోటలకు, మరికొందరు రబ్బరు తోటలకు చేరినారు. వారిని ఎక్కువగా బలిగొన్నది చలిజ్వరము, అనగా మలేరియా. ఈ జ్వరం రహస్యం బయటపడినది మన తెలుగు గడ్డ మీదనే కావడం విశేషం. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూచినాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. ఆ జ్ఞానాన్ని మలయా తోటలకు తెచ్చినవాడు మాల్కం వాట్సన్. 1901లో క్లాంగ్ జిల్లాలో డాక్టరుగా ఉన్న ఆయన, క్లాంగ్ పట్టణంలోను, అప్పుడే తెరచిన పోర్ట్ స్వెట్టెన్‌హాం రేవులోను చిత్తడి నేలల నీటిని కాలువలు తీసి పంపించి, జ్వరాలను బాగా తగ్గించినాడు. తరువాత అదే పని తోటలలో కూడా సాగినది. రాస్ దోమను కనిపెట్టినది మన తాతల దేశంలో. దాని ఫలితం దక్కినది ఈ దేశంలో ఉన్న వారి బిడ్డలకు.

కాని కాలువలు జ్వరం రాకుండా చూస్తాయి గాని, జ్వరం వచ్చినవాడి పడక పక్కన కూర్చోవు. ఆ పని తోట ఆసుపత్రిది. 1923 నాటి కార్మిక చట్టం తోట యజమానులచేత ఆసుపత్రి వసతి పెట్టించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చినది. డాక్టరు అనేక తోటలకు ఒక్కడే; అప్పుడప్పుడు వచ్చి పోయేవాడు. మిగిలిన రోజులన్నీ డ్రస్సరు చేతిలోనే. కొయినా మందు ఇచ్చేది ఆయన, పుండు కడిగేది ఆయన, ఎవరిని పెద్దాసుపత్రికి పంపాలో తేల్చేది ఆయన. వారిలో ఎందరో మంచివారు, అనుభవశాలులు ఉన్నారు. అయినా, ఈ మనిషికి ఇంత తెలుసు అని రోగికి హామీ ఇచ్చే చట్టం ఏదీ ఆనాడు లేదు. డ్రస్సరు సమర్థుడైతే కూలివాని అదృష్టం, కాకపోతే అతని కర్మ. మలేషియాలో తోట హాస్పిటల్ అసిస్టెంట్ల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చినది 1965లో. అప్పటికి మన వాళ్ళు ఈ తోటలలో ఎన్నో దశాబ్దాలు గడిపినారు.

పడక పక్కన కళ్ళు తెరచి చూడడం ఎంత విలువైనదో చెప్పుటకు మలయా చరిత్రలోనే ఒక మంచి ఉదాహరణ ఉన్నది. ఆ రోజులలో తగరపు గనులలోని చైనా కార్మికులు బెరిబెరి వ్యాధితో కాళ్ళు వాచి, గుండె బలహీనపడి చనిపోయేవారు. తోటలలోని దక్షిణ భారత కూలీలకు అది చాలా అరుదు. నెగ్రి సెంబిలాన్‌లో ప్రభుత్వ వైద్యుడైన బ్రాడన్ దీనిని గమనించి, తేడా తినే బియ్యంలో ఉన్నదని 1907లో రాసినాడు. గనులవారు తినేది బాగా పాలిష్ పట్టిన తెల్ల బియ్యం. మన వాళ్ళు తినేది ఉప్పుడు బియ్యం. కౌలాలంపూరు మానసిక వైద్యశాలలో ఫ్లెచర్ కొందరు రోగులకు తెల్ల బియ్యం, కొందరికి ఉప్పుడు బియ్యం పెట్టి చూచినాడు. తెల్ల బియ్యం తిన్నవారిలోనే బెరిబెరి పెరిగినది. 1909 నాటికి ఫ్రేజర్, స్టాంటన్ అనే ఇద్దరు పరిశోధకులు దీనిని మరింత గట్టిగా నిరూపించినారు. విటమిన్ అనే మాట ఇంకా పుట్టని రోజులవి. "ఈ రోగి ఏమి తింటున్నాడు?" అని అడిగినందువలన వేల ప్రాణాలకు దారి దొరికినది. నేటి నర్సింగు ప్రశ్నపత్రంలో రోగి ఆహారం గురించి ప్రశ్న వస్తే, అది అనవసరమని మన పిల్లలు అనుకోరాదు.

ఇక పరీక్ష ఎలా పుట్టినదో చూతము. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1860లో లండనులో నర్సుల శిక్షణాలయం నెలకొల్పినది. కాని ఆమె పరీక్షలకు, రిజిస్టరుకు వ్యతిరేకి. మంచి నర్సుకు కావలసిన గుణాన్ని కాగితం మీద కొలవలేమని ఆమె వాదం. ఈ వాదంలో నిజం లేకపోలేదు. బడిలో జీవితమంతా పరీక్షలు పెట్టిన మావంటి వారికి ఆ సంగతి తెలుసు. ఎదురు వాదం ఎథెల్ ఫెన్విక్ అనే నర్సుది. 1887లో బ్రిటిష్ నర్సుల సంఘాన్ని స్థాపించిన ఆమె, రోగి తన నర్సును ఎన్నుకోలేడు గనుక ఆ నర్సు చదువుకు దేశమే పూచీ పడాలని పట్టుబట్టినది. ముందుగా 1901లో న్యూజిలాండు నర్సులకు ప్రత్యేక చట్టం చేసినది. బ్రిటనులో 1919లో చట్టం వచ్చినది, 1921లో రిజిస్టరు తెరచినారు, 1925 నుండి అందరికీ ఒకే రాజ్య పరీక్ష నడిచినది. ఆ రిజిస్టరులో మొదటి పేరు ఫెన్విక్ గారిదే. మలయాలో నర్సుల చట్టం 1950లో వచ్చినది. ఈనాటికీ మలేషియా నర్సింగు బోర్డు పరీక్ష దాటనిదే రిజిస్టరులో పేరు ఎక్కదు; ఎక్కిన తరువాత కూడా ఏటేటా ప్రాక్టీసు పత్రం తీసుకోవలసినదే.

మాకు ఫెన్విక్ గారి వాదమే సరి అనిపిస్తుంది. అందుకు కారణం మన తోటల చరిత్రే. తన నర్సును ఎన్నుకోలేని రోగి ఎవరయ్యా అంటే, కూలి లైన్లలో జ్వరంతో పడుకున్న మన ముత్తాతే. దొరకు తన డాక్టరును పిలిపించుకునే స్తోమతు ఉన్నది. పేదవానికి మాత్రం ఎవరు వస్తే వారే. ఆ వచ్చేవారు ఎవరైనా సరే కనీసం ఇంత తెలిసినవారై ఉండాలన్నదే ఈ పరీక్ష సారాంశం.

ఇక్కడ మన కుటుంబాలు మరువరాని మరొక అధ్యాయం ఉన్నది. 1960లలోను 70లలోను బ్రిటను ఆసుపత్రులకు నర్సులు చాలక, మలేషియా, మారిషస్, జమైకా, ఐర్లాండు మొదలగు దేశాల నుండి వేలాది యువతీ యువకులను శిక్షణకు తీసుకున్నారు. ఇక్కడి నుండి ఎందరో ఆడపిల్లలు తామే ఆసుపత్రులకు ఉత్తరాలు రాసి, సీటు సంపాదించి, విమానం ఎక్కినారు. అక్కడ రెండు దారులు ఉండేవి. ఒకటి మూడేళ్ళ శిక్షణ; దాని చివర ఎస్.ఆర్.ఎన్., అనగా రాజ్య రిజిస్టరు నర్సు. రెండవది రెండేళ్ళ శిక్షణ. దాని చివర ఎస్.ఇ.ఎన్., అనగా రాజ్య ఎన్‌రోల్డ్ నర్సు. ఈ రెండవ తరగతి 1943 చట్టంతో సహాయక నర్సులుగా మొదలై, 1961లో ఎన్‌రోల్డ్ నర్సు అనే పేరు పొందినది. మొదటి దారివారిని "స్టూడెంట్ నర్సు" అనేవారు, రెండవ దారివారిని "ప్యూపిల్ నర్సు" అనేవారు. వేల మైళ్ళ దూరం నుండి వచ్చిన పిల్లకు ఈ రెండు మాటల తేడా ఎవరు చెబుతారు?

తగిన చదువు ఉండి కూడా విదేశాల పిల్లలు చాలామంది రెండేళ్ళ దారికి మళ్ళించబడినారని తరువాతి చరిత్రకారులు రాసినారు. వారు పగలు రాత్రి అవే వార్డులలో పనిచేసినారు, అవే మంచాలు సర్దినారు. కాని ఎన్‌రోల్డ్ నర్సుకు వార్డు సిస్టరు పదవి దాకా ఎదిగే దారి మూసుకున్నది. స్వదేశానికి తిరిగి వస్తే పలుచోట్ల ఆ పత్రం పూర్తి నర్సు అర్హతగా చెల్లలేదు. ఒక్క అక్షరం తేడాతో ఒక జీవితం జీతం, హోదా, తిరుగుప్రయాణం మారిపోయినవి. బ్రిటనులో ఎన్‌రోల్డ్ నర్సుల శిక్షణ 1990లలో ఆగిపోయినది. మిగిలినవారిలో ఎందరో మధ్యవయసులో, సంసారాలు ఈదుతూ, మార్పిడి కోర్సులు చదివి రిజిస్టరుకు ఎక్కినారు. అటువంటి అత్తలు, పిన్నులు మనలో ఉన్నారు. వారు ఆ ముచ్చట సాధారణంగా చెప్పరు, అడిగితే చెబుతారు. అడగవలసినదిగా యువతకు మా మనవి.

"వయోజన రోగుల సంరక్షణ" అనే పేరు ఎలా వచ్చినదో కూడా తెలుసుకోదగినది. పూర్వం దానిని "జనరల్ నర్సింగు" అనేవారు. బ్రిటనులో 1983లో ఎస్.ఆర్.ఎన్. పేరు ఆర్.జి.ఎన్.గా మారినది. 1989 నుండి వచ్చిన కొత్త శిక్షణలో వయోజనులు, పిల్లలు, మానసిక ఆరోగ్యం, బుద్ధిమాంద్యం అని నాలుగు శాఖలు ఏర్పడినవి. అమెరికాలో 1982 వరకు వైద్యం, శస్త్రచికిత్స, ప్రసూతి, పిల్లలు, మానసికం అని అయిదు విడి పత్రాలు ఉండేవి. ఆ ఏడు వాటిని ఒకే పరీక్షగా కలిపి ఎన్.సి.ఎల్.ఇ.ఎక్స్. అని పేరు పెట్టినారు. 1994 నుండి అది కంప్యూటరు మీద నడుస్తున్నది. రాసేవారి జవాబును బట్టి తరువాతి ప్రశ్న కష్టమో సులభమో వస్తుంది. 2023 ఏప్రిల్‌లో వచ్చిన రూపంలో కనిష్ఠం 85, గరిష్ఠం 150 ప్రశ్నలు. ఇక్కడ చదివి బ్రిటను వెళ్ళే మన పిల్లలకు 2014 నుండి రెండు మెట్లు ఉన్నవి: ముందు కంప్యూటరు పరీక్ష, తరువాత అక్కడ చేతి పని చూపే పరీక్ష. ఆ రెండవ దానిలో రోగి స్థితిని అంచనా వేయడం, ప్రణాళిక వేయడం, అమలు చేయడం, ఫలితం చూడడం అని నాలుగు ముఖ్యమైన ఘట్టాలు ఉంటాయి.

దేశం ఏదైనా, ఈ పత్రం అడిగే అసలు ప్రశ్న ఒక్కటే: "నీవు మొదట ఏమి చేస్తావు?" నాలుగు జవాబులు ఇస్తారు. చాలాసార్లు నాలుగూ మంచి పనులే. వాటిలో ముందు చేయవలసినది ఏదో తేల్చాలి. కంఠస్థం చేసిన పిల్లలు తడబడేది ఇక్కడనే. కొన్ని ఉదాహరణలు చెబుతాము.

ఒక రోగికి రక్తం ఎక్కిస్తున్నారు. కొద్ది నిమిషాలలో వణుకు, నడుము నొప్పి మొదలైనవి. డాక్టరుకు చెప్పడం, జ్వరం చూడడం, దుప్పటి కప్పడం అన్నీ చేయదగినవే. కాని ముందు ఎక్కుతున్న రక్తాన్ని ఆపాలి. మరొకరికి ఆపరేషను అయినది. మనిషి అశాంతిగా కదులుతున్నాడు, నాడి వేగం పెరుగుతున్నది. కట్టు పైకి శుభ్రంగానే కనిపిస్తుంది. తెలిసిన నర్సు వీపు కింద చేయి పెట్టి చూస్తుంది, ఎందుకంటే రక్తం కిందికి జారి అక్కడ చేరుతుంది. ఇంకొకరికి మూత్రం గంటకు 30 మిల్లీలీటర్ల కంటే తగ్గినది. అది తెల్లవారే దాకా ఆగే కబురు కాదు.

మధుమేహం సంగతి మన వారు ప్రత్యేకంగా చదవాలి. ఈ దేశపు జాతీయ ఆరోగ్య సర్వేలలో భారత సంతతివారిలో ఆ వ్యాధి ఎక్కువగా ఉన్నట్లు పలుమార్లు తేలినది. ఇన్సులిను తీసుకునే రోగికి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తికమక అయితే వెంటనే రక్తంలో చక్కెర చూడాలి. తగ్గి ఉండి, రోగి స్పృహలో ఉండి మింగగలిగితే, 15 గ్రాముల త్వరగా కరిగే చక్కెర ఇచ్చి 15 నిమిషాల తరువాత మరల చూడాలి. స్పృహ లేనివాని నోటిలో ఏమీ పోయరాదు. ఈ ఒక్క విషయం నర్సులే గాక ఇంట్లో అందరూ గుర్తుంచుకోదగినది.

ఇక ఉపాధ్యాయులుగా మా సలహా. మొత్తం పుస్తకాన్ని పేజీ వరుసన చదవవద్దు. రోజుకు ఒక రోగిని తీసుకోండి: ఒకనాడు ఆయాసపు రోగి, ఒకనాడు పక్షవాతపు రోగి, ఒకనాడు మూత్రపిండాల రోగి. నోటుపుస్తకంలో నాలుగు గడులు గీసి, ఏమి చూచితిని, ఏమి అనుకొంటిని, ఏమి చేసితిని, ఏమి మారినది అని రాయండి. ముందు శ్వాస దారి, తరువాత శ్వాస, తరువాత రక్తప్రసరణ అనే వరుసను ప్రతి ప్రశ్నకు పట్టి చూడండి. శ్వాసలు లెక్కించడం చిన్న పని అని చాలామంది వదిలివేస్తారు. నిమిషానికి 12 నుండి 20 వరకు సాధారణం, 25కు చేరితే ప్రమాదపు గుర్తు. ప్రశ్నలో "మొదట", "ముఖ్యంగా", "తప్ప" అనే మాటల కింద గీత గీయండి. ముగ్గురు కలిసి కూర్చుని, ఒకరు రోగిగా, ఒకరు నర్సుగా, ఒకరు పరీక్షకురాలిగా మారండి. తప్పిన ప్రశ్నకు సరైన జవాబు రాసుకుంటే చాలదు. మిగిలిన మూడు ఎందుకు తరువాతివో కూడా రాసుకోండి.

మా సాయంకాలపు తెలుగు తరగతికి వచ్చే నర్సు విద్యార్థులు కొందరు "ఇంగ్లీషు, మలాయి పుస్తకాలతోనే సరిపోవడం లేదు, తెలుగు ఎందుకు మాస్టారూ?" అని అడుగుతారు. వారికి మేము చెప్పే జవాబు ఈ పరీక్షలోనే ఉన్నది. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుండి, ఎటువంటిది అని అడిగి తెలుసుకోవడం వయోజన సంరక్షణలో మొదటి పాఠం. మన భాషలో ఒక్క నొప్పికి ఎన్ని పేర్లో చూడండి: మంట, పోటు, సలుపు, తీపు, పీకుడు, గుంజుడు, నులినొప్పి, తిమ్మిరి. పోటు వేరు, సలుపు వేరు. తోటలో పుట్టి పెరిగిన ఒక మామ్మగారు "గుండె మీద బరువు పెట్టినట్టుందమ్మా" అంటే ఆ మాట గుండెపోటుకు గుర్తు కావచ్చు. "కళ్ళు తిరుగుతున్నాయే" అంటే కంటి జబ్బు కాదు, తల తిరుగుడు. మాటకు మాట మార్చి రాసేవారు ఆ మామ్మగారిని కంటి డాక్టరు దగ్గరకు పంపగలరు. "ఏమీ లేదు, కాస్త నలతగా ఉందంతే" అనే పెద్దవారి మాట వెనుక ఎంత బాధ ఉంటుందో, ఆ భాషలో పెరిగినవారికే వెంటనే తడుతుంది. ఈ మాటలు ఏ పాఠ్యపుస్తకంలోను లేవు. ఇంట్లో బామ్మల దగ్గర, తాతల దగ్గర ఉన్నాయి. వాటిని కూడా ఆ నోటుపుస్తకంలోనే ఒక పేజీలో రాసుకోండి.

తల్లిదండ్రులకు ఒక మాట. అమ్మాయిని గాని అబ్బాయిని గాని నర్సింగు కాలేజీలో చేర్చే ముందు మూడు సంగతులు అడగండి. ఈ చదువు చివర ఏ బోర్డు పరీక్షకు కూర్చోనిస్తారు? ఏ రిజిస్టరులో, ఏ పేరుతో నమోదు అవుతుంది? ఆ పత్రం మరొక దేశంలో ఏ స్థాయిగా చెల్లుతుంది? ఈ మూడు ప్రశ్నలు అడిగేవారు లేక ఒక తరం మన పిల్లలు ఎంతో నష్టపోయినారు. జవాబు కాగితం మీద తీసుకున్న తరువాతనే రుసుము కట్టండి. మొదటి మారు పరీక్ష తప్పిన బిడ్డను ఇంట్లో చిన్నబుచ్చవద్దు. ఏ భాగంలో తప్పినదో చూచి, ఆ భాగానికి నెల రోజులు ఇవ్వండి.

పరీక్షకు కూర్చోబోతున్న మన పిల్లలందరికీ మా ఆశీస్సులు. వారిలో ఎవరైనా ఈ పండుగ సభకు రాలేక వార్డులోనో, గ్రంథాలయంలోనో ఉండిపోతే, వారి పేరున ఒక పొట్లం పులిహోర కట్టి ఇంటికి పంపవలసినదిగా వంటశాల వారిని కోరుచున్నాము.